రోగి మంచం దగ్గర కూడిక లెక్క

పరీక్షలో సున్న రావాలని ఏ విద్యార్థీ కోరుకోడు. కాని సున్న వస్తేనే అందరూ సంతోషించే మార్కుల పట్టిక ఒకటి ఉన్నది. అది ఆసుపత్రిలో రోగి మంచం దగ్గర ఉంటుంది. కొన్ని గంటలకొకసారి నర్సు వచ్చి నాడి, ఊపిరి, రక్తపు పోటు, జ్వరం మొదలైనవాటిని చూచి, ఒక్కొక్కదానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేసి, అన్నిటినీ కూడి చార్టు మీద వ్రాస్తుంది. మొత్తం పెరిగిన కొద్దీ రోగి ప్రమాదానికి దగ్గరవుతున్నాడన్నమాట. ఈ పద్ధతికి ‘ముందు హెచ్చరిక స్కోరు’ అని పేరు. మూడవ తరగతి పిల్లవాడు చేయగల ఈ కూడిక ప్రాణాలను ఎట్లా కాపాడుతుంది? ఎక్కడ దారి తప్పుతుంది?

‘హఠాత్తుగా’ అనే మాట

“నిన్న రాత్రి దాకా బాగానే మాట్లాడాడు, తెల్లవారేసరికి హఠాత్తుగా ప్రాణం మీదికి వచ్చింది” అనే మాట ఆసుపత్రి వరండాలలో తరచు వినబడుతుంది. ఈ ‘హఠాత్తు’ ఎంతవరకు నిజమో తెలుసుకోవాలని అమెరికాలోని మయామీ నగరపు వైద్యులు కొందరు పాత కాగితాలను తిరగవేసి చూచారు. ఆసుపత్రిలో ఉండగానే గుండె గాని ఊపిరి గాని ఆగిపోయిన 64 మంది రోగుల కాగితాలవి. 1990లో ప్రకటించిన వారి ఫలితాలు వైద్యలోకాన్ని కలవరపరచినవి. వారిలో 84 శాతం మందికి, అపాయానికి ముందు 8 గంటలలోపల, పరిస్థితి క్షీణిస్తున్న గుర్తులో కొత్త బాధలో కనిపించినట్లు కాగితాల మీదనే వ్రాసి ఉన్నది! శరీరం మాట్లాడుతూనే ఉన్నది. ఆ మాటలను ఎవరో వ్రాసుకొన్నారు కూడా. వాటి అర్థాన్ని సకాలంలో గ్రహించినవారు లేరు.

1998లో ఇంగ్లండు నుంచి మరొక పరిశీలన వెలువడినది. రెండు ఆసుపత్రులలో వార్డుల నుంచి అత్యవసర చికిత్సా విభాగానికి తరలించిన 100 మంది రోగుల కథలను ఇద్దరు నిపుణులు విడివిడిగా పరిశీలించారు. తరలించక ముందు 20 మందికి మాత్రమే చికిత్స సరిగా అందినదని, 54 మందికి సరిగా అందలేదని ఇద్దరూ ఏకీభవించారు. మిగిలిన 26 మంది విషయంలో వారికే అభిప్రాయం కలవలేదు. లోపాలకు వారు చూపిన కారణాలు గమనింపదగినవి: తొందర ఎంత అవసరమో గుర్తించకపోవటం, పెద్దలను సలహా అడగకపోవటం, పర్యవేక్షణ కొరవడటం, ఏర్పాట్లు సరిగా లేకపోవటం, తెలివిడి చాలకపోవటం. ఈ జాబితాలో ఖరీదైన యంత్రాలు లేకపోవటం అనే కారణం ముందు వరుసలో కనబడదు.

శరీరం దాచిపెట్టే రహస్యం

ప్రమాదం ముందుగా ఎందుకు కనబడుతుంది? కనబడినా ఎందుకు మోసగిస్తుంది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే. మన శరీరం నష్టాన్ని సర్దుకొనే నేర్పు కలది.

పెద్దవారి ఒంటిలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఆపరేషను తరువాత లోపల ఎక్కడో మెల్లగా రక్తం కారుతున్నదనుకొందాం. రక్తం తగ్గితే పోటు పడిపోవాలి. కాని వెంటనే పడిపోదు. మెడలోని పెద్ద ధమనులలోను, గుండె నుంచి బయలుదేరే బృహద్ధమనిలోను పోటును కనిపెట్టే నాడీ కొసలు ఉన్నవి. అవి మెదడుకు కబురు పంపుతవి. మెదడు గుండెను వేగంగా కొట్టుకోమంటుంది. చర్మానికి, ప్రేగులకు పోయే రక్తనాళాలను ముడుచుకోమంటుంది. ఉన్న రక్తాన్ని మెదడుకు, గుండెకు మళ్ళించటానికి ఈ ఏర్పాటు. అందువల్ల రక్తంలో దాదాపు 30 శాతం పోయేదాకా పడుకొన్న రోగికి పోటు మామూలుగానే కనబడవచ్చును. పోటు చూచి “బాగానే ఉన్నది” అనుకొనేవాడు మోసపోతాడు. కాని నాడిని చూచినవాడికి అది 80 నుంచి 105కు పెరిగిన సంగతి తెలుస్తుంది.

ఊపిరి ఇంకా ముందుగా పసిగడుతుంది. కణజాలానికి చాలినంత ఆక్సిజన్ అందకపోతే కణాలు ఆక్సిజన్ లేకుండానే చక్కెరను వాడుకోవటం మొదలుపెడతవి. దాని ఫలితంగా లాక్టిక్ ఆమ్లం పోగవుతుంది. రక్తపు ఆమ్లత్వం పెరగగానే మెదడు అడుగుభాగంలోని శ్వాసకేంద్రం ఊపిరిని వేగిరపరుస్తుంది. ఎక్కువ ఊపిరి వదిలితే కార్బన్ డయాక్సైడు ఎక్కువగా పోతుంది. ఆ మేరకు ఆమ్లత్వం తగ్గుతుంది. న్యుమోనియా అయినా, రక్తంలో విషక్రిములు చేరినా, రక్తం కారినా, గుండె నీరసించినా చివరకు ఈ దారికే వచ్చి చేరుతవి కాబట్టి, రోగం పేరు ఏదైనా ఊపిరి వేగం పెరగటం ఉమ్మడి గుర్తు. రోగమేమిటో తెలియక ముందే రోగి ప్రమాదంలో ఉన్నాడని చెప్పవచ్చునన్నమాట. ముందు హెచ్చరిక స్కోరుకు ఆధారం ఇదే. అది రోగనిర్ణయం చేయదు. తలుపు తట్టి లేపుతుంది.

మార్కులు వేయటం ఎట్లా మొదలైనది?

రోగి గుర్తులను అంకెలలో వ్రాయటం కొత్త సంగతి కాదు. 19వ శతాబ్దిలో జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో వుండర్‌లిష్ అనే వైద్యుడు వేలాది రోగుల ఉష్ణోగ్రతలను కొలిపించి, 1868లో జ్వరాలను గురించి పెద్ద గ్రంథం ప్రచురించాడు. మంచం దగ్గర జ్వరపు గీతల కాగితం ఉండటం ఆ కాలంనుంచి అలవాటైనది. 1896లో ఇటలీ వైద్యుడు రీవా రోచి చేతికి చుట్టే పట్టీతో రక్తపు పోటు కొలిచే సాధనాన్ని తెచ్చాడు. 1905లో రష్యా వైద్యుడు కొరట్కోవ్ స్టెతస్కోపుతో వినే పద్ధతిని జోడించాడు. గుర్తులను మార్కులుగా మార్చి కూడటంలో గొప్ప మేలుబంతి అమెరికా వైద్యురాలు వర్జీనియా ఆప్గార్ వేసినదే. అప్పుడే పుట్టిన శిశువు రంగు, గుండె వేగం, ఉలికిపాటు, కండరాల బిగువు, ఊపిరి అనే 5 గుర్తులకు 0, 1, 2 చొప్పున మార్కులు వేసే పద్ధతిని ఆమె 1953లో ప్రకటించింది. ఇవాళ మన ఊళ్ళ ప్రసూతి గదులలో కూడా పిల్లలకు పుట్టిన నిమిషానికే ఈ పరీక్ష జరుగుతున్నది.

పెద్దవారి వార్డులకు ఇట్టి పద్ధతి రావటానికి మరి నాలుగు దశాబ్దాలు పట్టింది. 1997లో ఇంగ్లండు తూర్పు తీరంలోని గ్రేట్ యార్మత్ ఆసుపత్రి వైద్యులు నాడి, పోటు, ఊపిరి, ఉష్ణోగ్రత, స్పృహ అనే అయిదింటికి మార్కులు వేసే మొదటి ముందు హెచ్చరిక స్కోరును ప్రకటించారు. అది చూచి ప్రతి ఆసుపత్రీ తనకు తోచిన మార్పులు చేసుకొన్నది. ఒక ఆసుపత్రిలో 3 అంటే మరొకచోట 5 అయ్యేది. ఊరు మారిన నర్సుకు భాష మారినట్లే! ఈ గందరగోళాన్ని పోగొట్టటానికి లండనులోని రాయల్ వైద్య కళాశాల 2012లో దేశానికంతటికీ ఒకే పట్టికను నిర్ణయించింది. 2017లో దానిని సవరించింది. ఆ సవరించిన పట్టిక ఇది:

ఊపిరి (నిమిషానికి): 12–20 అయితే 0, 9–11 అయితే 1, 21–24 అయితే 2, 8, ఆ లోపు అయినా, 25, ఆ పైన అయినా 3.
రక్తంలో ఆక్సిజన్ (శాతం): 96, ఆ పైన 0, 94–95కు 1, 92–93కు 2, 91, ఆ లోపు 3.
బయటినుంచి ఆక్సిజన్ ఇస్తూ ఉంటే: 2.
పై రక్తపు పోటు (మి.మీ.): 111–219కి 0, 101–110కి 1, 91–100కి 2, 90, ఆ లోపు అయినా, 220, ఆ పైన అయినా 3.
నాడి (నిమిషానికి): 51–90కి 0, 41–50కి గాని, 91–110కి గాని 1, 111–130కి 2, 40, ఆ లోపు అయినా, 131, ఆ పైన అయినా 3.
స్పృహ: మెలకువగా, తెలివిగా ఉంటే 0, కొత్తగా తికమక పడుతున్నా, పిలిస్తేనో నొప్పి కలిగిస్తేనో తప్ప కదలకున్నా, అసలే కదలకున్నా 3.
ఉష్ణోగ్రత (సెంటీగ్రేడు): 36.1–38.0కి 0, 35.1–36.0కి గాని, 38.1–39.0కి గాని 1, 39.1, ఆ పైన 2, 35.0, ఆ లోపు 3.

మొత్తం అత్యధికంగా 20 మార్కులు. 0 వస్తే మళ్ళీ 12 గంటలలోపు చూస్తే చాలును. 1 నుంచి 4 వరకు అయితే 4 లేక 6 గంటలకొకసారి చూడవలెను. 5 గాని 6 గాని వస్తే గంటకొకసారి చూస్తూ డాక్టరును త్వరగా పిలవవలెను. ఏదో ఒక్కదానికే 3 వచ్చినా అశ్రద్ధ పనికిరాదు. 7 గాని, ఆ పైన గాని వస్తే అత్యవసర పరిస్థితి. విషమస్థితిలోని రోగులను చూడటంలో ఆరితేరిన జట్టు రావలెను.

ఈ పట్టికలో మామూలు భయాలను తలక్రిందులు చేసే విషయాలు కొన్ని ఉన్నవి. ఇంట్లో ఎవరికైనా పోటు 170 అంటే కంగారు పడతాము. ఇక్కడ 170కి సున్న! చాలా ఏండ్లకు హాని చేసే ఎక్కువ పోటు వేరు, ఈ రాత్రికే ప్రాణం తీయగల తక్కువ పోటు వేరు. ఈ పట్టిక చూచేది రెండవదానిని. జ్వరం సంగతీ అంతే. 39.1 డిగ్రీలకు, అంటే ఫారన్‌హీటులో 102.4కు, 2 మార్కులే. ఒళ్ళు చల్లబడి 35కు, అంటే 95 ఫారన్‌హీటుకు, దిగితే 3 మార్కులు. వృద్ధులలో విషక్రిములు రక్తంలో చేరినప్పుడు జ్వరం రావటానికి బదులు ఒళ్ళు చల్లబడటం కూడా కద్దు. “జ్వరం లేదు గదా” అన్న ధీమా అక్కడ చెల్లదు.

ఒక మధ్యాహ్నపు కథ

లెక్క ఎట్లా పనిచేస్తుందో చూడటానికి ఒక రోగిని ఊహించుకొందాం. 60 ఏండ్ల మనిషి. కడుపు ఆపరేషను జరిగి రెండవ రోజు. ఉదయం 8 గంటలకు అన్నీ మామూలే, మొత్తం 0. మధ్యాహ్నం 12కు ఊపిరి 20, ఆక్సిజన్ 95, పోటు 118, నాడి 94, ఉష్ణోగ్రత 37.9. ఆక్సిజన్‌కు 1, నాడికి 1, మొత్తం 2. సాయంత్రం 4కు ఊపిరి 22, ఆక్సిజన్ 95, పోటు 108, నాడి 104, ఉష్ణోగ్రత 38.3. వీటిలో ఏ ఒక్కటి విడిగా చూచినా ఎవరూ ఉలిక్కిపడరు. నాడి 104 అంటే నొప్పి వల్ల కావచ్చును. జ్వరం 101 ఫారన్‌హీటుకు దగ్గర, ఆపరేషను తరువాత ఆశ్చర్యం కాదు. పోటు 108 చాలామందికి ఉంటుంది. ప్రతిదానికీ ఒక సర్దుబాటు దొరుకుతుంది. కాని కూడి చూస్తే 2, 1, 1, 1, 1, మొత్తం 6! నాలుగు గంటలలో 2 నుంచి 6కు పెరిగినది. కూడిక చేయని వార్డులో ఇక్కడ మరి నాలుగు గంటలు గడిచిపోవచ్చును. ఇంకొక గంట ఆగితే ఏమవుతుంది? ఊపిరి 24, ఆక్సిజన్ 93, పోటు 102, నాడి 114, ఉష్ణోగ్రత 38.6, పైగా తాను ఎక్కడ ఉన్నదీ తెలియక రోగి తికమకగా మాట్లాడుతున్నాడు. ఇప్పుడు మొత్తం 11. లోపల కుట్టు విడిపోయినదో, ఊపిరితిత్తిలో చీము పట్టినదో డాక్టరు తేల్చవలెను. ఆ తేల్చే పని 11 వద్ద మొదలవటానికి, 6 వద్ద మొదలవటానికి మధ్య ఒక ప్రాణం ఉండవచ్చును.

స్కోరు చేసే మేలు మరొకటి ఉన్నది. పుస్తకాలు దానిని తక్కువగా చెబుతవి. రాత్రి రెండు గంటలకు కొత్తగా చేరిన నర్సు పెద్ద డాక్టరును నిద్ర లేపటానికి జంకుతుంది. “ఎందుకో ఆయన బాగా లేడనిపిస్తున్నదండీ” అంటే “ఏమిటి బాగా లేదు?” అని విసుక్కొనేవారు ఉండవచ్చును. “డాక్టరుగారూ, పన్నెండుకు 2 ఉన్నదండీ, ఇప్పుడు 6 వచ్చిందండీ” అంటే ఆ మాట తీరు వేరు. అంకె చిన్నవారికి పెద్దవారి ఎదుట నోరిస్తుంది.

పిలిస్తే పలికేవారు కావలెను

గంట మ్రోగినంత మాత్రాన మంట ఆరదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ దగ్గరి లివర్‌పూల్ ఆసుపత్రిలో 1990లో ఒక కొత్త ఏర్పాటు మొదలైనది. గుండె ఆగిన తరువాత పరుగెత్తే జట్టుకు బదులు, ఆగక ముందే పిలవదగిన జట్టు అది. ఆలోచన బాగున్నది. మరి ఫలితమో? 23 ఆస్ట్రేలియా ఆసుపత్రులను చీట్లు వేసినట్లు రెండు వర్గాలుగా చేసి, 12 చోట్ల ఇట్టి జట్లను పెట్టి, 11 చోట్ల పెట్టకుండా పోల్చిచూచారు. 2005లో ఫలితం వెలువడినది: జట్టును పిలవటం పెరిగినది గాని, అనుకోని మరణాలు మొదలైనవాటిలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా కనబడలేదు. పిలవవలసిన రోగులలో అనేకుల విషయంలో జట్టును పిలవనే లేదని కూడా బయటపడినది. సైన్సులో ఇట్టి నిరాశలు విలువైనవి. హెచ్చరిక, పిలుపు, రాక, చికిత్స అనే గొలుసులో ఏ ఒక్క కడియం తెగినా మిగిలినవి వృథా అని ఆ అధ్యయనం చూపింది.

పట్టిక మటుకు పరీక్షలకు నిలిచింది. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్‌లో సేకరించిన 1,98,755 కొలతల వరుసల మీద 2012 పట్టికను మరి 33 పద్ధతులతో పోల్చి 2013లో ప్రకటించారు. 24 గంటలలో ప్రమాదం పొందబోయేవారిని మిగిలినవారి నుంచి వేరుచేయటంలో ఆ పట్టికే ముందు నిలిచినది.

గీత ఎక్కడ గీయాలి అన్నది చిక్కు ప్రశ్న. ఒక ఊహాలెక్క చూడండి. 1000 మంది రోగులలో 20 మంది ప్రమాదంలో పడబోతున్నారనుకొందాం. 3 దగ్గర గంట మ్రోగిస్తే 18 మంది దొరకవచ్చును గాని, మొత్తం 300 సార్లు మ్రోగవచ్చును. 7 దగ్గర అయితే 30 సార్లే మ్రోగుతుంది గాని, 10 మందే దొరుకుతారు. మాటిమాటికీ వృథాగా మ్రోగే గంటను జనం వినటం మానివేస్తారు. అరుదుగా మ్రోగే గంట కొందరిని వదిలివేస్తుంది. 5 అనే గీత ఈ రెండింటి మధ్య కుదుర్చుకొన్న రాజీ.

పట్టిక చెప్పలేనివి

ఈ పట్టిక 16 ఏండ్లు నిండనివారికి, గర్భిణులకు పనికిరాదు. పసివాడికి నిమిషానికి 30 సార్లు ఊపిరి ఆడటం సహజమే. గర్భిణుల నాడి, పోటు సహజంగానే మారి ఉంటవి. వారికి వేరే పట్టికలు ఉన్నవి. ఏండ్ల తరబడి పొగ త్రాగి ఊపిరితిత్తులు చెడినవారిలో కొందరికి ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం మధ్య ఉండటమే క్షేమం. ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే వారిలో కార్బన్ డయాక్సైడు పోగై మగత కమ్ముతుంది. 2017 సవరణలో వారికోసం వేరే ఆక్సిజన్ కొలబద్ద చేర్చారు.

ఆక్సిజన్ కొలిచే వేలి తొడుగు 2020, 2021 సంవత్సరాల కోవిడ్ రోజులలో మన ఇళ్ళకు కూడా వచ్చింది. 94 అనే అంకె అప్పుడు ఇంటింటి మాట అయినది. జపాను ఇంజనీరు తకువో అయోయాగి 1974లో కనిపెట్టిన సూత్రం అది. ఎర్రని కాంతిని, కంటికి కనబడని పరారుణ కాంతిని వేలి గుండా పంపితే, ఆక్సిజన్ ఉన్న రక్తం ఒక విధంగాను, లేని రక్తం మరొక విధంగాను వాటిని పీల్చుకొంటుంది. ఆ తేడానుబట్టి శాతం లెక్కకడుతుంది. అయితే చర్మపు రంగు కూడా కాంతిని పీల్చుకొంటుంది గదా! ఆక్సిజన్ నిజంగా తక్కువగా ఉన్నా పరికరం బాగున్నట్లు చూపటం, తెల్లవారిలో కంటె నల్లవారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా జరుగుతున్నదని 2020లో అమెరికాలో ప్రకటించిన అధ్యయనం తెలిపింది. చామనఛాయ గల మన దేశస్థులు గుర్తుంచుకోవలసిన విషయమిది.

అంకె తక్కువగా ఉన్నా, రోగిని రోజూ చూచే నర్సుకు గాని ఇంటివారికి గాని మనసు కీడు శంకిస్తే ఆ శంకకూ విలువ ఉన్నది. స్కోరు ఎంతైనా, ఆందోళన కలిగితే పిలవవచ్చునని పట్టిక తయారుచేసినవారే చెప్పారు. 2021లో ఇంగ్లండులో 13 ఏండ్ల బాలిక ఆసుపత్రిలో మరణించినది. తలిదండ్రులు పడిన ఆందోళనకు తగిన మన్నన దొరకలేదు. ఆ బాలిక పేరనే ‘మార్తా నియమం’ 2024 నుంచి అక్కడి ఆసుపత్రులలో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం వేరే వైద్యుల జట్టు వచ్చి చూడాలని కుటుంబంవారు నేరుగా కోరవచ్చును.

ఊపిరి లెక్కించటంలో ఉన్న కిటుకు

ఇన్ని గుర్తులలో ముందుగా మారేది ఊపిరి అయితే, అందరూ అశ్రద్ధ చేసేదీ అదే. మిగిలినవాటికి యంత్రాలున్నవి, ఊపిరిని వార్డులో చాలాచోట్ల కంటితో చూచి గడియారంతో లెక్కించవలెను. తొందరలో ఉన్నవారు 18 అనో 20 అనో వ్రాసి పోవటం ఎన్నో దేశాలలో పరిశోధకులు గమనించిన సంగతే. చార్టులలో ఈ రెండు అంకెలు అనుమానం కలిగించేటంత ఎక్కువగా కనబడతవి.

దీనిలోని గణితాన్ని ఉపాధ్యాయులు తరగతిలోనే చూపవచ్చును. 15 సెకండ్లు లెక్కించి 4చే గుణిస్తే జవాబు ఎప్పుడూ 16, 20, 24 వంటి అంకెలే అవుతుంది. 17 గాని 21 గాని రావటం అసాధ్యం. ఒక్క ఊపిరి ఎక్కువ లెక్కిస్తే 20 కాస్తా 24 అవుతుంది. పట్టికలో 0 కాస్తా 2 అవుతుంది. 30 సెకండ్లు లెక్కించి 2చే గుణిస్తే సరిసంఖ్యలే వస్తవి. నిండుగా నిమిషం లెక్కించినప్పుడే అసలు సంఖ్య దొరుకుతుంది. విద్యార్థులు ఇద్దరిద్దరుగా కూర్చుండి, ఒకరి ఊపిరిని మరొకరు ఈ మూడు విధాలా లెక్కించి, తరగతి అంతటి ఫలితాలను మూడు గ్రాఫులుగా గీచి పోల్చవచ్చును. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: తన ఊపిరిని ఎవరో లెక్కిస్తున్నారని తెలియగానే దాని వేగం మారిపోతుంది. అందుకనే అనుభవం గల నర్సులు నాడి చూచిన తరువాత కూడా చేయి వదలక, నాడినే లెక్కిస్తున్నట్లు మణికట్టు పట్టుకొని, చూపు మాత్రం రోగి రొమ్ము మీద నిలిపి ఉంచుతారు.